నీలం గడి

"ఐదింటికి తీసుకెళ్ళిపోతాం. ఈలోగా అడిగేదేదో అడుక్కో," అన్నాడు ఇన్‌స్పెక్టర్, దానం చేస్తున్నవాడి మొహం పెట్టి.

అప్పటికే మూడు దాటింది. ఉత్త ఇన్‌స్పెక్టరే అయితే నేనూ నాలుగు అనేసి ఊరుకునేదాన్ని. కానీ ఈయన మా అక్క మొగుడు. నేను చేసే డిటెక్టివ్ పనిని చుట్టాలందరి ముందూ "మా మరదలి దాగుడుమూతలు" అంటాడు. నేను ఆయన పనిని ఏమీ అనను. చేస్తే కదా అనడానికి.

"మీరు బయట కూర్చుంటారా బావగారూ?"

"కూర్చోను."

"అయితే మాట్లాడకుండా కూర్చోండి."

మిల్లు ఆఫీసు గదిలో నా ఎదురుగా ఉన్నది మిక్సరమ్మ. దాణా మిల్లులో మందులు తూచి మిక్సర్లో వేసే మనిషి కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఆమె కలిపిన దాణా తిని స్వారీ నేర్పే స్కూల్లో తొమ్మిది గుర్రాలు చచ్చిపోయాయి. వాటిలో ఒకటి పరుగు మీదుండగానే కుప్పకూలింది. దాని మీదున్న స్వారీ మాస్టారు కింద నలిగి ప్రాణం వదిలాడు. దాణాలో సెలీనియం వెయ్యి రెట్లు ఉందని పరీక్షలో తేలింది. సెలీనియం ఒంటికి కావలసిన ఖనిజమే, కాకపోతే రవ్వంత. ఎక్కువైతే విషం. వెయ్యి రెట్లు ఎవరు వేశారంటే, వేలు పెట్టి చూపించడానికి మిల్లు మొత్తానికి ఈమె ఒక్కతే దొరికింది.

ఆమె భర్త నా దగ్గరికొచ్చి, "మా ఆవిడ ఈగని కూడా కొట్టదు మేడం," అన్నాడు. ఈగల్ని కొట్టని హంతకుల్ని నేను చాలామందిని చూశాను. అయినా కేసు ఒప్పుకున్నాను. అవతలి పక్క మా బావ ఉన్నాడని తెలిసి ఒప్పుకున్నానంటే అబద్ధం కాదు.

"సెలీనియం ఎంత తూచావమ్మా?"

"పన్నెండు వందల యాభై గ్రాములు. షీట్ ప్రింటు తీసి ఇచ్చిన కాగితంలో అంతే ఉంది."

బావ ముక్కుతో నవ్వాడు. కంప్యూటర్ తెరను నావైపు తిప్పాడు.

"చూడు, నీ కళ్ళతోనే చూడు. సెలీనియం, 1,250. ఒకటి, కామా, రెండు వందల యాభై. ఈ మిల్లు కొన్న కంపెనీ సముద్రం అవతలిది. వాళ్ళకి అంకెలు మనకి తిరగబడి ఉంటాయి. మనం పాయింటు పెట్టే చోట వాళ్ళు కామా పెడతారు. మనం కామా పెట్టే చోట చుక్క పెడతారు. అంటే ఇది ఒక గ్రామూ పావు. రెండేళ్ళుగా ఈవిడ ఈ షీటే చదువుతోంది, ఒక్కసారి కూడా తప్పు చదవలేదు. ఆ రోజు మాత్రం కామా అంటే ఏమిటో మర్చిపోయిందట. ఎవరికి చెబుతారమ్మా కథలు?"

"మర్చిపోలేదు సార్," అంది మిక్సరమ్మ. ఆమె బావని చూడలేదు, నన్నే చూసింది. "ఆ రోజు కాగితమే వేరేగా వచ్చింది. అన్నీ బళ్ళో నేర్చుకున్నట్టే ఉన్నాయి. తవుడు 412.5 అని చుక్కతో ఉంది. మొక్కజొన్న కూడా చుక్కతోనే. షీట్ సరిచేశారు, ఇక తిరగేసి చదవక్కర్లేదు అనుకున్నా. నాకు ప్రాణం లేచొచ్చింది మేడం. ఆ రోజు సంతోషపడ్డాను."

ఆ చివరి మాట అనేసి ఆమె తల దించుకుంది. నాకు మనసులో ఏదో కలుక్కుమంది. మొహంలో కనపడనివ్వలేదు.

"అంత పొడి వేసేటప్పుడు ఎక్కువని అనిపించలేదా?"

"ఎప్పుడూ వేసేది దగ్గర దగ్గర అంతే మేడం. పన్నెండు వందలు, పదమూడు వందలు. కొత్త డబ్బా వచ్చిందని తెలుసు. లోపలి మందు వెయ్యి రెట్లు ఘాటని నాతో ఎవరు చెప్పారు?"

"ఆ కాగితం ఏది?"

"ఏమో మేడం. తూకమయ్యాక ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు. మర్నాటికే అంతా గందరగోళం అయిపోయింది కదా."

"కాగితం లేదు. తెర మీద కామా ఉంది," అన్నాడు బావ లేస్తూ. "ఇంకా ఏం అడుగుతావ్?"

"ఎవరెప్పుడు ఏం మార్చారో ఈ షీట్ గుర్తుపెట్టుకుంటుందిగా? ఆ చిట్టా చూశారా?"

"అది హెడ్డాఫీసువాళ్ళకే కనపడుతుందట. పంపడానికి వారం పడుతుందన్నారు."

"వారం ఆగలేరా?"

"పోయింది మనిషి మరదలా. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు."

కోళ్ళ దొంగతనానికి నెల రోజులు సాగదీసే మనిషికి ఈ వారం ఎందుకు అంత బరువైపోయిందో అప్పుడే ఆలోచించాల్సింది. పైఅధికారుల భయం అనుకుని వదిలేశాను.

తర్వాత ఫార్ములా మేడంని పిలిపించాను. ఏ దాణాలో ఏది ఎంత పడాలో షీట్లో రాసేది ఆవిడే. చదువు చాలా ఉంది, నిద్ర బొత్తిగా లేదు. కుర్చీ అంచున కూర్చుని చేతిరుమాలు నలుపుతోంది.

"సెలీనియం గడిలో మీరేం కొట్టారు?"

"ఒకటి, కామా, రెండు అయిదు సున్నా. గ్రామూ పావు. కొట్టాక చూసుకున్నాను కూడా. సరిగ్గా అలాగే ఉంది."

"కొత్త మందు ఘాటని తూకం గదికి చెప్పారా?"

ఆవిడ నీళ్ళు నమిలింది. "షీట్లో పక్కన రాశాను, 'కొత్త సరుకు' అని."

"ఘాటు సంగతి రాశారా?"

"అంకె మారింది కదా, అర్థమవుతుందనుకున్నాను."

"పది అడుగులు నడిచి చెబితే కాళ్ళు అరిగిపోతాయా మేడం?"

ఆవిడ ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఏడుపు అయ్యేదాకా తెర చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనపడింది.

అంకెలన్నీ గళ్ళలో కుడివైపు అంచుకి ఒద్దికగా నిలబడి ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఎడమవైపు గోడకి అతుక్కుపోయింది. స్టోర్స్‌వాళ్ళు రాసిన ఉప్పు నిల్వ, 18,5.

"ఇదేమిటి, వెలివేసినట్టు అటు పోయింది?"

ఫార్ములా మేడం ముక్కు తుడుచుకుని చూసింది. "షీట్ దాన్ని అంకెగా తీసుకోలేదు. మాట అనుకుంది. మాటలైతే ఎడమకి వెళతాయి, అంకెలైతే కుడికి."

"ఎందుకు తీసుకోలేదు? కామా అంటే పాయింటే కదా ఈ షీట్లో? పద్దెనిమిదిన్నర. మిగతావన్నీ తీసుకుంది కదా?"

ఆవిడ చేతిలో రుమాలు ఆగిపోయింది.

"కామా పాయింటు కాని సమయంలో కొట్టి ఉంటే తీసుకోదు," అంది నెమ్మదిగా. "ఫైలుకి సెట్టింగు ఒకటి ఉంటుంది, ఏ దేశం పద్ధతి అని. దాన్ని మన పద్ధతికి మారిస్తే అన్ని పాత అంకెలూ వాటంతట అవే చుక్కల్లోకి మారిపోతాయి. కానీ అప్పుడు కామాతో 18,5 కొడితే షీట్‌కి అర్థం కాదు, మాట అనుకుని వదిలేస్తుంది."

"మరి మీలాగా ఒకటి కామా రెండు వందల యాభై కొడితే?"

"పన్నెండు వందల యాభై." ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. "కామాతోనే చూపిస్తుంది. నేను కొట్టింది కొట్టినట్టే కనపడుతుంది. నాకు ఒకటింపావు. షీట్‌కి పన్నెండు వందల యాభై."

"మళ్ళీ పాత పద్ధతికి తిప్పేస్తే?"

"అప్పుడు అది చుక్కతో 1.250 అని కనపడాలి. ఇప్పుడు కామాతో ఉందంటే..." ఆవిడ నా వైపు చూసింది. "సెట్టింగు తిప్పినవాళ్ళు ఆ గడిని కూడా మళ్ళీ కొట్టారు. నేను కొట్టలేదు."

అంటే ఎవరో పద్ధతి మార్చారు. మనిషి చచ్చాక ఏమీ ఎరగనట్టు వెనక్కి తిప్పి, తప్పు అంకెను దిద్ది, మిక్సరమ్మ కళ్ళదే తప్పనిపించారు. మొదటిది పొరపాటైనా కావచ్చు. రెండోది కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తూకం గది తాళం ఇప్పించండి," అన్నాను బావతో.

"అంతా వెతికేశాం."

"మీరు వెతికారు కాబట్టే అడుగుతున్నాను."

తూకం గది ఇరుకు. గోడకి అరలు, అరల్లో డబ్బాలు. కొత్త సెలీనియం డబ్బా ఉండాల్సిన చోట గుండ్రటి దుమ్ము మరక మాత్రం ఉంది, డబ్బాను పోలీసులు పట్టుకెళ్ళారు. మధ్యలో బల్ల, బల్ల మీద చిన్న కాటా. చెత్తబుట్ట ఖాళీ. ఫైళ్ళన్నీ కట్టలు విప్పి చూసినట్టున్నారు. కాగితం అంటే ఫైల్లోనే ఉంటుందని బావ నమ్మకం.

మిక్సరమ్మని కాటా దగ్గరికి పిలిచాను.

"మందు ఎలా పోస్తావో చేసి చూపించు. మందు లేకుండా."

ఆమె కాటా ముందు నిలబడి, ఖాళీ డబ్బా వంచినట్టు చెయ్యి తిప్పింది. తూచాక గిన్నెను మిక్సర్ మూతి దగ్గరికి తెచ్చింది. అక్కడ ఆమె ఎడమ చెయ్యి దానంతటదే పక్క కొక్కేనికి వెళ్ళి, ఏమీ దొరక్క గాలిలో ఆగింది.

"ఆ చెయ్యి దేనికోసం వెళ్ళింది?"

"గరాటుకి మేడం. మిక్సర్ మూతి చిన్నది, సన్నటి పొడి బయటికి ఎగిరిపోతుంది. పని అయిపోయిన కాగితాన్ని చుట్టి..."

మాట మధ్యలోనే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. నేను అప్పటికే నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాను. మిక్సర్ కాళ్ళకీ గోడకీ మధ్య జానెడు సందు. చేతికి తొడుగు వేసుకుని లోపలికి పోనిచ్చాను. కొక్కెం నుంచి జారి పడ్డ గరాట్లు రెండున్నాయి. ఒకటి పాతది, పసుపుపచ్చగా ఉంది. రెండోది కొత్తది. లోపల తెల్లటి పొడి ఇంకా అంటుకునే ఉంది.

ముట్టుకునే ముందు ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. మడతలు విప్పి బల్ల మీద పరిచాను.

తవుడు 412.5. మొక్కజొన్న 268.4. అన్నీ చుక్కలే. సెలీనియం 1,250. ఉప్పు నిల్వ ఎడమవైపు గోడకి అతుక్కుని 18,5. కింద ఆ రోజు తేదీ.

"నేను చెప్పలా," అంది మిక్సరమ్మ. గట్టిగా కూడా అనలేదు. ఇన్నాళ్ళూ తనని తనే నమ్మడం మానేసిన మనిషి గొంతు అది.

బావ లోపలికొచ్చాడు. కాగితం మీదికి వంగాడు. ఎవరైనా ముందు సెలీనియం వరస చూస్తారు. ఆయన కళ్ళు నేరుగా కిందికి పోయి, దాణాలో తేమ ఎంత దాటకూడదో రాసే వరస దగ్గర ఆగాయి. తేమ హద్దు 11.5. ఆ గడి బూడిద రంగులో ఉంది.

"ఇలా ఇవ్వు. సీలు వేసిన గదిలో సాక్ష్యం."

"రశీదు రాసివ్వండి."

"నాకు రూల్స్ నేర్పుతున్నావా?"

"నేర్చుకునే వయసు దాటిపోయింది బావగారూ. రశీదు చాలు."

"నువ్వు నా ఇంటి ఆడపడుచులాంటిదానివని ఊరుకుంటున్నాను."

"మరదలిని. ఆడపడుచునైతే ఈపాటికి చెవి మెలేసేదాన్ని."

ఆయన నవ్వలేదు. ఇంత చెత్త మాటకి కూడా ఎగిరిపడలేదు. నుదుటి మీద చెమట పట్టి ఉంది. రశీదు పుస్తకం కోసం జీపు దగ్గరికి వెళ్ళాడు. నేను ఫోనుతో కాగితం ఫోటో తీసుకుని, ఫార్ములా మేడం దగ్గరికి పరిగెత్తాను.

"ఈ పక్కన టైములు ఎవరు వేస్తారు?"

"ఎవరి గడి వాళ్ళు రాసి, టైము కూడా వాళ్ళే వేస్తారు. ఇక్కడి అలవాటు."

ఉప్పు నిల్వ తొమ్మిదిన్నర. సెలీనియం పది గంటలకు పది నిమిషాల ముందు. తేమ హద్దు పది గంటల ఐదు నిమిషాలు.

"చూడండి మేడం. తొమ్మిదిన్నరకే స్టోర్స్ అంకె పాడైంది, అంటే అప్పటికే సెట్టింగు మారిపోయింది. మారిన సంగతి తెలీక స్టోర్స్‌వాళ్ళు కామా కొట్టారు. మీరూ కామా కొట్టారు. రెండేళ్ళ అలవాటు, వేళ్ళు వాటంతటవే పోతాయి. మీ తర్వాత రాసిన ఈ మనిషి మాత్రం చుక్క కొట్టి, సరిగ్గా రాశాడు. ఎందుకని?"

"మారిందని తెలుసు కాబట్టి," అంది ఆవిడ.

"ఎలా తెలుసు?"

"మార్చింది తనే కాబట్టి." అనేసి ఆవిడ తన మాటకి తనే ఉలిక్కిపడింది. "మర్నాడు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు తనిఖీకి వచ్చారు. పోయినేడు ఈ కామాలు చూసి నానా గొడవా చేశారు. వాళ్ళ కోసం మార్చి ఉంటారు. మాకు చెప్పడం మర్చిపోయి ఉంటారు."

తెర మీద ఆ వరస వెతికాను. ఇప్పుడది 11,5 అని ఉంది, బుద్ధిమంతురాలిలా. గడి లేత నీలం రంగు.

"ఇక్కడ సంతకం బదులు రంగు," అంది ఫార్ములా మేడం. "ఎవరు రాస్తే వాళ్ళ రంగు. నాది పసుపు. స్టోర్స్ ఆకుపచ్చ. కాగితం మీద రంగులన్నీ బూడిదే అవుతాయి."

తెరని కూడా ఫోటో తీశాను. కాగితమూ తెరా, రెండు ఫోటోలూ మిక్సరమ్మ లాయరుకి పంపేశాను. "సెట్టింగు మార్చిందీ, తర్వాత దిద్దిందీ ఈ నీలం రంగు మనిషే. ఐదింటిలోగా జడ్జిగారికి చూపించండి," అని రాశాను. బావ రశీదు తెచ్చేలోపు అయిపోవాలని తొందర. గెలిచానన్న పొగరు కూడా.

"నీలం ఎవరిది?" అన్నాను ఫోను పక్కన పెట్టి.

ఫార్ములా మేడం నన్ను వింతగా చూసింది. "మీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది?"

"క్వాలిటీ మేడంది," అంది. "మీ అక్కగారిది."

అక్క ఈ మిల్లులోనే క్వాలిటీ చూస్తుంది. కేసు ఒప్పుకున్న రోజు నేనే రాసుకున్న పేర్లలో మొదట కొట్టేసింది ఆమెనే. ఆ దాణా కలిపిన రోజు అక్క సెలవు. ఒంట్లో బాగోలేదని ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉన్న మనిషి మిల్లులో ఏం చేస్తుంది? ఆ షీట్‌ని ఇంట్లో మంచం మీద కూర్చుని కూడా తెరవొచ్చన్న ఆలోచన నాకు రాలేదు. రాలేదంటే, రానివ్వలేదేమో.

గుమ్మంలో బావ. చేతిలో రశీదు పుస్తకం ఉంది, తెరవలేదు. ఫార్ములా మేడంని బయటికి పొమ్మని సైగ చేసి, తలుపు మూశాడు.

"మీకెప్పుడు తెలిసింది?"

"మాస్టారు పోయిన రోజు. లాప్‌టాప్ ముందు కూర్చుని వణికిపోతోంది. ఏమిటంటే చెప్పలేదు. తర్వాత చెప్పింది." ఆయన గొంతులో ఇన్‌స్పెక్టర్ లేడు. "కావాలని చేసింది కాదే. ఒక్క సెట్టింగు. అందరికీ మెసేజ్ పెడదామనుకుని, జ్వరం మాత్ర వేసుకుని పడుకుండిపోయింది."

"వెనక్కి తిప్పినప్పుడు జ్వరం తగ్గిందా?"

ఆయన చెయ్యి చాచాడు. "ఆ కాగితం ఇవ్వు. మిక్సరమ్మకి మంచి లాయరు ఉన్నాడు. నిర్లక్ష్యం కింద పోతుంది, రెండేళ్ళో మూడేళ్ళో. మీ అక్క అయితే సాక్ష్యం మార్చినట్టవుతుంది. అది వేరే."

రెండేళ్ళో మూడేళ్ళో. ఎవరి ఏళ్ళని ఎవరు పంచిపెడుతున్నారు?

ఫోను మోగింది. అక్క.

"ఏమే, మిల్లులోనే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఆ మనిషిని తీసుకెళ్ళారా?"

"ఇంకా లేదు."

అటువైపు నీళ్ళ పంపు తిప్పి వదిలేసిన చప్పుడు వినపడుతోంది. మా అక్క నాకు జడలు వేసిన మనిషి. అమ్మ పోయాక నా జ్వరాలన్నీ చూసిన మనిషి. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే నేనేం చేసి ఉండేదాన్నో ఇప్పటికీ చెప్పలేను.

"తీసుకెళ్ళనీవే," అంది అక్క.

ఫోను పెట్టేశాను. కిటికీలోంచి చూస్తే మిక్సరమ్మ భర్త ఆమెకి నీళ్ళు తాగిస్తున్నాడు. కాగితం దొరికిందని ఎవరో చెప్పినట్టున్నారు, ఇద్దరూ నవ్వాలో వద్దో తెలీనట్టున్నారు. వాళ్ళ వెనకే జీపు తలుపు తెరిచి పెట్టి ఉంది.

ఫోను మళ్ళీ టింగుమంది. లాయరు.

"అందాయి. జడ్జిగారి ముందే ఉన్నాను. నీలం ఎవరిదో తేలితే మిక్సరమ్మని ఇవాళే వదిలేస్తారు. ఎవరిది?"

బావ నా భుజం మీదుగా అది చదివాడు. "వద్దే," అన్నాడు. నా పేరు కూడా పలికాడు, పెళ్ళయిన కొత్తలో పిలిచినట్టు.

నేను రెండు మాటలు కొట్టి పంపాను.

"మా అక్కది."